కారు తుక్కుకు, పేరు సీ బుక్కులో

మంగళగిరి దాటి నిడమర్రు, కురగల్లు వైపు వెళ్లినా, ఇటు దుగ్గిరాల రోడ్డు పట్టుకున్నా ఏదో ఒక ఊళ్లో గడ్డివాము పక్కన కదలని కారు కనబడుతుంది. టైర్లలో గాలి దిగి రిమ్ములు నేలకు ఆనాయి. తలుపుల అడుగు భాగాన్ని తుప్పు తినేసింది. వెనక సీటు మీద ఖాళీ మిర్చి గోతాలు, పురుగుమందు కొట్టే పంపు. నంబరు ప్లేటు మీద ఏపీ 07 అని ఉందంటే, 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరస రాకముందు గుంటూరు జిల్లాలో రిజిస్టరైన బండి. మారుతి 800 కావచ్చు, ఇండికా కావచ్చు. ఒకప్పుడు ఆ ఇంటివాళ్లను పెళ్లిళ్లకు, గుంటూరు ఆస్పత్రులకు, మిర్చి యార్డుకు తిప్పిన కారు.

కొన్నాళ్లకు, పాత ఇనప సామాన్లు కొంటామని మైకు పెట్టుకుని ఊళ్లు తిరిగే ఆటో అతనికి కబురు వెళ్తుంది. బేరం తెగుతుంది. కారు ట్రక్కెక్కుతుంది, సీ బుక్కు బీరువాలోనే ఉండిపోతుంది. వారం తిరిగేసరికి కారు ముక్కలైపోయినా, రవాణా శాఖ రికార్డులో ఆ నంబరు అలాగే ఉంటుంది, యజమానిగా ఆ రైతు పేరూ అలాగే ఉంటుంది. పల్లెల్లో పాత కార్ల విషయంలో అసలు ప్రమాదం ఇదే. పాత వాహనాలపై కేంద్రం తెచ్చిన విధానం నగరాల పొగ గురించి, కొత్త కార్ల అమ్మకాల గురించి బాగానే ఆలోచించింది. ఊళ్లో ఉన్న మనిషి తన పేరును ఆ రికార్డు నుంచి ఎలా తీయించుకోవాలన్న దానికి మాత్రం దగ్గరి దారి చూపలేదు.

ముందు ఒక అపోహ తొలగాలి. పదిహేనేళ్లు నిండితే కారును తుక్కు చేయాల్సిందేనని చాలామంది నమ్ముతున్నారు. ఆ భయంతో నిక్షేపంలా ఉన్న బండ్లను కూడా అయినకాడికి అమ్ముకుంటున్నారు. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదన్న ఆంక్ష ఢిల్లీ పరిసరాలది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2018లో సమర్థించడంతో అది అక్కడ అమల్లోకి వచ్చింది. మన దగ్గర 1988 నాటి మోటారు వాహనాల చట్టమే నడుస్తోంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి బండి బాగుందంటే ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. పదిహేనేళ్లకు కచ్చితంగా పక్కన పెట్టాల్సినవి ప్రభుత్వ వాహనాలు మాత్రమే. ఆ నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

చట్టం ఇలా వెసులుబాటు ఇచ్చినా లెక్క కలిసిరాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. గడువు దాటితే నెలకు 500 అదనం. ఇరవై ఏళ్లు దాటిన కార్లకైతే 2025 ఆగస్టులో ఫీజును 10,000 చేశారు. పేపర్లు అయిపోయి మూడేళ్లయిన ఒక మారుతి 800నే తీసుకుందాం. ఆలస్యానికే 18,000, ఫీజుతో కలిపి 23,000. ఆ బండి బరువు సుమారు ఆరున్నర క్వింటాళ్లు. కిలోకు 25 రూపాయలు వేసుకున్నా తుక్కుగా వచ్చేది 16 వేల చిల్లర. ఇన్సూరెన్సు, కొత్త టైర్లు, ఎఫ్‌సీకి ముందు చేయించాల్సిన రిపేర్లు దీనికి అదనం. పత్తి, మిర్చి రేట్లు పడిపోయిన ఏడాది ఈ లెక్క వేసుకున్న ఏ రైతూ ఆర్టీవో ఆఫీసు మెట్లెక్కడు. అతణ్ని తప్పుపట్టడానికి నాకు కారణం కనబడదు.

అయితే మెట్లెక్కనందుకు కట్టాల్సి వచ్చే మూల్యం చిన్నది కాదు. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఇచ్చిన తీర్పు ప్రతి ఊళ్లోనూ చదివి వినిపించదగ్గది. రిజిస్టరైన యజమాని 2007లో కారు అమ్మేశాడు. అది చేతులు మారుతూ పోయింది. సీ బుక్కులో పేరు మాత్రం ఎవరూ మార్చుకోలేదు. 2009లో ప్రమాదం జరిగి ప్రాణం పోయింది. పరిహారం ఎవరు కట్టాలన్న ప్రశ్న అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, బాధ్యత వాళ్లదేనని కోర్టు తేల్చింది. ఇనప కొట్టుకు వేసిన కారు రోడ్డెక్కదు కదా అనుకోవచ్చు. అన్ని కార్లూ కట్టర్ కిందికి పోవు. కాస్త నడిచేలా ఉన్నదాన్ని బాగుచేసి మరో ఊళ్లో అమ్మేవాళ్లున్నారు. ఎక్కడో దొంగిలించిన బండికి చచ్చిన బండి నంబరు తగిలించి, ఛాసిస్ నంబరు మార్చి కొట్టి, పాత పేపర్ల మీద తిప్పే ముఠాలు పోలీసులకు కొత్త కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు విజయవాడలో వేల వాహనాలు నీళ్లలో నానిపోయాయి. అలా పనికిరాకుండా పోయి తుక్కుగా చేతులు మారే ప్రతి బండి వెనకా ఒక సీ బుక్కు ఉంటుంది. దాన్ని రద్దు చేయించారా లేదా అన్నది అడగాల్సిన ప్రశ్న.

బండి పూర్తిగా పనికిరాకుండా పోతే యజమాని 14 రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా, తాను ఉంటున్న పరిధిలోని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలిపి సీ బుక్కును అప్పగించాలని చట్టంలో 55వ సెక్షన్ చెబుతోంది. కారును ఎప్పుడో ఇనప సామాన్లకు వేసేసినవాళ్లు ఈ సెక్షన్ పేరు చెప్పి ఇప్పటికైనా ఒక అర్జీ రాసి ఇవ్వాలి. దానికి ముద్ర వేసిన రసీదు తీసుకుని దాచుకోవాలి. రేపు ఏ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చినా చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

ఇక ఇప్పుడు తుక్కుకు ఇవ్వాలనుకునేవాళ్లకు 2021 నుంచి వేరే పద్ధతి ఉంది. ఆ ఏడాది ఆగస్టు 13న ప్రధాని స్వచ్ఛంద వాహన ఆధునికీకరణ కార్యక్రమాన్ని ప్రారంభించారు. సెప్టెంబరులో రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రాల నిబంధనలు వచ్చాయి. ఏ రాష్ట్రంలో రిజిస్టరైన బండినైనా దేశంలో ఏ కేంద్రంలోనైనా అప్పగించవచ్చు. అది దొంగ బండి కాదని రికార్డుల్లో చూసుకున్నాక కేంద్రం డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తుంది. ఛాసిస్ మీద నంబరున్న ముక్కను కోసి భద్రపరుస్తుంది. బండిని విప్పేశాక మరో సర్టిఫికెట్ వస్తుంది, రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. యజమానికి నిజంగా విముక్తినిచ్చే కాగితాలు ఇవి.

అంతా బాగానే ఉంది, కానీ ఈ కేంద్రాలు మన రాష్ట్రంలో జిల్లాకొకటి చొప్పున కూడా రాలేదు. నడవని కారును క్రేనుతో ఎత్తించి అంత దూరం చేర్చాలంటే వచ్చే తుక్కు డబ్బులో మంచి వాటా కిరాయికే పోతుంది. రాయితీల సంగతి చూడండి. డిపాజిట్ సర్టిఫికెట్ ఉంటే కొత్త కారు పన్నులో 25 శాతం వరకు తగ్గింపు ఇవ్వొచ్చని కేంద్రం చెప్పింది. కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజు కూడా మాఫీ. 2024 ఆగస్టులో కార్ల కంపెనీలు 1.5 శాతం లేదా 20,000 రూపాయలు, ఏది తక్కువైతే అది తగ్గిస్తామన్నాయి. ఇవన్నీ షోరూముకు వెళ్లి కొత్త కారు కొనేవాళ్లకు. పాత మారుతిని వదిలించుకుని మరో సెకండ్ హ్యాండ్ బండి కొనే రైతుకు, అసలు కారే వద్దనుకునే ముసలి దంపతులకు అందులో పైసా లేదు. సర్టిఫికెట్‌ను ఇంకొకరికి అమ్ముకోవచ్చని నిబంధనల్లో ఉంది. ఆ మాట ఊళ్లోకి చేరవేసిన అధికారి ఎవరూ నాకు కనబడలేదు.

దగ్గర్లో కేంద్రం లేకపోతే కారు ఎక్కడికి పోతుందో, అక్కడ దాన్ని ఎలా విప్పుతారో కాస్త ఆగి చూడాలి. ముందు బ్యాటరీ తీస్తారు. దాని బరువులో సగానికి పైగా సీసమే, కాబట్టి కొట్టులో అన్నిటికంటే త్వరగా డబ్బయ్యేది అదే. యాసిడ్ నేల మీద పోతుంది. తర్వాత రేడియేటర్, ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటారు. వైరింగును కుప్పేసి నిప్పంటిస్తారు, ప్లాస్టిక్ కాలిపోయి లోపలి రాగి మిగులుతుంది. ఇంజన్ అడుగున బోల్టు విప్పితే నల్లగా మారిన ఆయిల్ మట్టిలోకి కారుతుంది. ఏసీ గొట్టం కోసిన క్షణంలో గ్యాసు గాల్లో కలుస్తుంది. పాత కార్లలో వాడే ఆర్-134ఏ గ్యాసు భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా శక్తిమంతం. చివర్లో గ్యాస్ కటింగుతో బాడీని నాలుగు ముక్కలు చేసి కాటాకు ఎత్తుతారు. ఈ పని చేసే కుర్రాళ్లకు చేతులకు గ్లౌజులుండవు, మూతికి గుడ్డ ఉండదు. మన నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. పైన పోసిన ఆయిలూ యాసిడూ ఆ నెర్రెల్లోంచే లోపలికి దిగుతాయి. సీసం కలిసిన దుమ్ము పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందని వైద్యులు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. తుక్కు కొట్లు ఊరి బడికి, ఇళ్లకు ఆనుకునే ఉంటున్నాయి.

అలాగని ఆ కొట్లను మూయించి, ఆ కుర్రాళ్లను తరిమేయమని నేననను. ఈ ప్రాంతానికి బండి విప్పడం, కట్టడం తెలిసినంతగా తెలిసిన ప్రాంతాలు దేశంలో తక్కువ. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన చేతులు మూడు తరాలవి. గుంటూరులో, మంగళగిరిలో కూడా ఆటోనగర్‌లు ఉన్నాయి. పాత ఇరుసులు, పాత టైర్లతో టైరు బండ్లు కట్టించుకున్న జిల్లాలివి. పనికొచ్చే ఏ సామానునూ పారేయని అలవాటు ఇక్కడ ఉంది. స్క్రాపింగ్ విధానం ఈ పనివాళ్లను లెక్కలోకే తీసుకోలేదు. స్థలం, యంత్రాలు, పర్యావరణ అనుమతులు అన్నీ కలిపి పెద్ద పెట్టుబడి పెట్టగలిగినవాళ్లకే స్క్రాపింగ్ కేంద్రం దక్కుతుంది. నలుగురైదుగురు మెకానిక్కులు కలిసి సంఘం పెట్టుకుంటే, ఆయిల్, బ్యాటరీ, ఏసీ గ్యాసు తీయడం వరకు వాళ్లకు శిక్షణ, చిన్న లైసెన్సు ఇచ్చి, బాడీని పెద్ద కేంద్రానికి పంపించే ఏర్పాటు చేయొచ్చు. జపాన్‌లో 2005 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం కారు యజమాని రీసైక్లింగ్ రుసుమును ముందే కట్టేస్తాడు. ఏసీ గ్యాసు, ఎయిర్‌బ్యాగులు, చివరికి మిగిలే చెత్తకయ్యే ఖర్చు అందులోంచే వస్తుంది. ఆఖరి యజమాని చేతిచమురు వదిలించుకోవాల్సిన పని ఉండదు.

మన దగ్గర 2025 జనవరిలో నోటిఫై చేసి ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన కాలం చెల్లిన వాహనాల నిబంధనలు కొంతమేరకు ఆ దిశగా వెళ్లాయి. తయారీదారులు తాము ఎప్పుడో అమ్మిన బండ్లలో వాడిన ఉక్కులో ఇంత శాతానికి రీసైక్లింగ్ బాధ్యత తీసుకోవాలి. మొదటి ఐదేళ్లు 8 శాతం, ఆపైన 13, ఆ తర్వాత 18. బండ్లను సేకరించే కేంద్రాలకూ అందులో చోటుంది. నా ఆశ ఆ సేకరణ కేంద్రాల మీదే. మిర్చి సీజను ముగిశాక మండలానికి ఒక రోజు చొప్పున మార్కెట్ యార్డు ఆవరణలో శిబిరం పెట్టి, కంపెనీల ఖర్చుతో కార్లను ఎత్తించి, అక్కడికక్కడే కాటా వేసి, డబ్బు ఖాతాలో జమచేసి, సర్టిఫికెట్ చేతికివ్వడం అసాధ్యమేమీ కాదు. దరఖాస్తు నింపడానికి ఊళ్లో సచివాలయం ఉంది. మంగళగిరి ఎమ్మెల్యే, ఐటీ మంత్రి నారా లోకేశ్ 2025 జనవరి 30న ప్రారంభించిన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ ఉంది. 55వ సెక్షన్ కింద రద్దు అర్జీని కూడా ఆ ఫోనులోంచే పంపగలిగితే సగం చిక్కు తీరుతుంది.

మిగతా సగం చిక్కు కాగితాలది. సీ బుక్కు తండ్రి పేరు మీద ఉంటుంది, తండ్రి చనిపోయి ఆరేళ్లవుతుంది. కొడుకు డాలస్‌లో, కూతురు హైదరాబాద్‌లో. అప్పు ఎప్పుడో తీరినా ఫైనాన్స్ కంపెనీ పేరు సీ బుక్కులోంచి తీయించలేదు, ఆ కంపెనీ ఇంకోదానిలో కలిసిపోయింది. యజమాని చనిపోతే 30 రోజుల్లో తెలియజేసి మూడు నెలల్లో వారసుల పేరుకు మార్చుకోవాలన్నది నిబంధన. నడిచే కారుకు ఆ నిబంధన సబబే. తుక్కుకు పోయే కారుకు ముందు పేరు మార్చుకుని రమ్మనడం వల్లే ఎక్కువమంది ఆటో మైకు వైపు తిరుగుతున్నారు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల అంగీకార పత్రం తీసుకుని నేరుగా రద్దు చేసేలా, రద్దు కోసం వచ్చినవాళ్ల దగ్గర పాత బకాయిలు వసూలు చేయకుండా వదిలేసేలా రాష్ట్రం ఉత్తర్వు ఇవ్వాలి. చచ్చిన బండి మీద రాని బకాయిని పుస్తకంలో మోయడం వల్ల ఖజానాకు ఒరిగేదేమీ లేదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, మంగళగిరి మండలంలో తేదీ దగ్గరపడుతోంది. రాజధాని భూసమీకరణ 2015లో జరిగింది. నిడమర్రు, కురగల్లు, నవులూరు, ఎర్రబాలెం, కృష్ణాయపాలెం, బేతపూడి ఊళ్లలో అంతవరకు ద్విచక్ర వాహనంతో సరిపెట్టుకున్న ఇళ్ల ముందుకు ఆ రోజుల్లో కార్లు వచ్చాయి. వాటి రిజిస్ట్రేషన్లకు 2030 నుంచి పదిహేనేళ్లు నిండుతాయి. ట్రాక్టర్లు, వాటి ట్రైలర్లు, వరికోత యంత్రాలు, పవర్ టిల్లర్లు 2025 నిబంధనల్లోకే రావు కాబట్టి వాటి పాత ఇనుము, పాత ఆయిల్ ఎటూ ఊరి కొట్టుకే చేరతాయి. సేకరణ కేంద్రం కోసం మంగళగిరి ఆటోనగర్‌లో ఇప్పుడే కొంత స్థలం కేటాయించి, ఆ ట్రాక్టర్లను కూడా అక్కడే తీసుకునే వీలు కల్పించాలి.