కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించాం సరే, ఆయిలు చూశామా?



ఇది కాస్త పొడుగు పోస్టు. ఇంట్లో కారు ఉన్నవాళ్లు, ఈ దసరాకో వచ్చే ఉగాదికో కొనాలనుకుంటున్నవాళ్లు ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మన దగ్గర కొత్త కారు వస్తే ఏం చేస్తాం? షోరూము నుంచి నేరుగా గుడికి పోతాం. బాగేపల్లి వాళ్లయితే గడిదం వెంకటరమణస్వామి దగ్గరికి, చింతామణి వాళ్లయితే కైవారానికి. పూజ చేయించి, బానెట్టు మీద కుంకుమ పెట్టి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. ఫోటో తీసి గ్రూపులో పెడతాం. ఇందులో తప్పేమీ లేదు, మేమందరం చేసిందే. కానీ కుంకుమ పెట్టిన ఆ బానెట్టును మళ్లీ సర్వీసుకు ఇచ్చేదాకా ఎత్తి చూసేవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారు?

ఈ మాట ఎందుకంటే, పోయిన మీటింగుకు బాగేపల్లి వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. పేరు వద్దు. అప్పు చేసి కొత్త కారు కొని దేవనహళ్లి ఎయిర్‌పోర్టుకు బాడుగకు తిప్పుతున్నాడు. 10 వేల కిలోమీటర్లకు సర్వీసు చేయించాడు, ఆయిలు మార్పించాడు. తర్వాతి సర్వీసు 20 వేలకు. 18 వేలు దాటాక ఒక రాత్రి పేరేసంద్ర దగ్గర ఎర్ర లైటు వెలిగింది. ఇల్లు దగ్గరే కదా అని నడుపుకుంటూ వచ్చేశాడు. ఊరు చేరేసరికి ఇంజన్ లోపల టకటకమని శబ్దం. షోరూములో కింద బోల్టు విప్పితే ఒక లీటరు ఆయిలు కూడా రాలేదట. "ఆయిలు చూసుకోవాల్సింది మీరే, పుస్తకంలో రాసి ఉంది" అని వారంటీ కుదరదన్నారు. ఇంజన్ పనికి లక్షల్లో లెక్క చెప్పారు. బండి నిలబడిపోయింది, నెల నెలా కట్టాల్సిన కంతు మాత్రం నిలబడలేదు.

ఆ తమ్ముడు మమ్మల్ని ఒకటే అడిగాడు. "అన్నా, పాత బండి ఆయిలు తాగుతుందని తెలుసు. కొత్త బండికి ఎందుకు తగ్గుతుంది? తగ్గుతుందని నాకెవరు చెప్పినారు?"

మీటింగులో రెండు పక్షాలయ్యాయి. "వాడి బండి వాడే చూసుకోవాలి, సంఘమేం చేస్తుంది" అని కొందరు. "కంపెనీ మోసం" అని కొందరు. మా అభిప్రాయం ఈ రెండూ కాదు. అదే ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ తమ్ముడి ప్రశ్నకు జవాబు. ఏ ఇంజన్ అయినా కొంచెం ఆయిలు తాగుతుంది, కొత్తదైనా సరే. పిస్టన్ పైకీ కిందికీ ఆడేటప్పుడు సిలిండర్ గోడ మీద పల్చటి ఆయిలు పొర ఉండాలి, లేకపోతే లోహం లోహాన్ని కొరుకుతుంది. ఆ పొరను పిస్టన్ రింగులు గీకి కిందికి పంపుతాయి. గీకగా మిగిలింది పెట్రోలుతో పాటు కాలిపోతుంది. వాల్వు సీళ్ల దగ్గర కొంత, టర్బో ఉంటే అక్కడ కొంత పోతుంది. కొత్త ఇంజన్లో రింగులు గోడకు సరిగ్గా కుదురుకునేదాకా ఇంకాస్త ఎక్కువ పోవచ్చు. పైగా ఇప్పుడు మైలేజీ కోసం రాపిడి తగ్గించాలని రింగుల బిగువు తగ్గించారు, 0డబ్ల్యూ-20 లాంటి నీళ్లలా పల్చటి ఆయిళ్లు వాడుతున్నారు. డిజైను బాగుంటే ఇబ్బంది లేదు. ఎక్కడైనా లోపముంటే మాత్రం ఆయిలు పైకి ఎక్కుతుంది.

కాబట్టి తగ్గడం తప్పు కాదు. ఎంత తగ్గుతోంది అన్నదే అసలు ప్రశ్న. షోరూముల్లో "అది మామూలే సార్" అంటారు. ఎంత మామూలు? ఇక్కడ లెక్క వేసి చూద్దాం.

చిన్న కారు ఇంజన్లో పట్టే ఆయిలు సుమారు మూడు, మూడున్నర లీటర్లు. వెయ్యి కిలోమీటర్లకు 300 మిల్లీలీటర్లు పోతోందనుకోండి. వినడానికి చిన్న మాటే, ఒక టీ ఫ్లాస్కు కూడా నిండదు. పదివేల కిలోమీటర్లకు అది 3 లీటర్లు! అంటే సర్వీసు తేదీ వచ్చేసరికి ఇంజన్ దాదాపు ఖాళీ. "ఇంత తాగడం మామూలే" అన్న మాటా, "పదివేలకు ఒకసారి వస్తే చాలు" అన్న మాటా రెండూ ఒకే నోటి నుంచి వస్తే, మధ్యలో ఎవరో ఒకరు ఆయిలు చూసి పోయాలి కదా. ఆ ఎవరో మనమే. ఆ సంగతి బండి తాళాలు చేతికిచ్చేటప్పుడు చెప్పాలి. ఫాస్టాగ్ గురించి చెబుతారు, ఇన్సూరెన్సు గురించి చెబుతారు, ఫోను ఎలా కలపాలో చూపిస్తారు. డిప్‌స్టిక్ ఎక్కడుందో చూపించరు. అది వాళ్ల తప్పు. చూపించండి అని అడగకపోవడం మన తప్పు.

ఇది మన ఊళ్ల గొడవే అనుకోకండి. 2015లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల పత్రిక 2010 నుంచి 2014 మోడళ్లలో దాదాపు 5 లక్షల కార్ల వివరాలు చూసింది. ఎక్కువ కార్లకు సర్వీసుల మధ్య ఆయిలు పోయాల్సిన పనే లేదని, కొన్ని కంపెనీల కొన్ని ఇంజన్లకే ఆ జబ్బు ఉందని తేలింది. వెయ్యి, పదకొండు వందల కిలోమీటర్లకు సుమారు ఒక లీటరు తాగినా ఫరవాలేదని చెప్పిన పెద్ద కంపెనీలు కూడా అందులో ఉన్నాయి. సుబారు కార్ల యజమానులు కొందరు కలిసి కోర్టుకు వెళ్తే, 2016 నాటి రాజీలో 5 ఏళ్ల ఇంజన్ వారంటీని 8 ఏళ్లకు పెంచారు. ఒక్కొక్కరు విడివిడిగా అడిగినప్పుడు వినిపించింది "మామూలే" అన్న జవాబే. నలుగురూ కలిసి లెక్కలతో నిలబడ్డాకే మాట మారింది.

"ఇప్పటి బండ్లలో సెన్సర్లు ఉన్నాయి కదా" అనేవాళ్లకు ఒక మాట. చాలా కార్లలో ఆ ఎర్ర లైటు ఆయిలు ఎంత ఉందో చెప్పేది కాదు, ఆయిలు ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. అది వెలిగిందంటే ఇంజన్‌కు అప్పటికే తడి అందడం లేదని అర్థం. ఇల్లు ఎంత దగ్గరైనా సరే, పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. ఆ తమ్ముడు చేసిన పొరపాటు ఇదొక్కటే. దానికి అతను చెల్లిస్తున్న ధర మాత్రం చాలా పెద్దది.

మనం బండి నడిపే తీరులో కూడా కొంత ఉంది. 44వ నంబరు హైవే బాగుంది కదా అని కొత్త బండిని మొదటి రోజు నుంచే ఒకే స్పీడులో బిగించి హైదరాబాదు దాకా తోలుతాం. మొదటి వెయ్యి కిలోమీటర్లు అలా చేయకూడదని పుస్తకంలో ఉంటుంది. నంది కొండ దిగేటప్పుడు చిన్న గేరులో దిగడం మంచిదే, బ్రేకులు కాపాడుకోవాలి. కానీ అలా దిగేటప్పుడు పెట్రోలు ఇంజన్ కాస్త ఆయిలు పైకి లాగుతుందని తెలిసి ఉండాలి.

డిజిల్ బండి వాళ్లకు ఇంకో సంగతి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే కాసేపు ఆపకుండా నడవాలి. ఊళ్లోనే ఇంటికీ అంగడికీ మధ్య తిప్పుతుంటే ఆ పని సగంలో ఆగి, డీజిల్ ఆయిల్లోకి దిగుతుంది. అప్పుడు మట్టం తగ్గదు, పెరుగుతుంది! పెరిగింది కదా అని సంతోషపడకండి, పల్చబడిన ఆయిలు ఇంజన్‌ను కాపాడలేదు.

ఇక చేయాల్సింది. పదిహేను రోజులకొకసారి, దూరం పోయే ముందు తప్పకుండా, పొద్దున్నే చదునైన చోట బానెట్టు ఎత్తండి. కడ్డీ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. రెండు గుర్తుల మధ్య ఎక్కడుందో చూడండి. కింది గుర్తుకు దగ్గరైతే పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే కొంచెం కొంచెంగా పోయండి. పై గుర్తు దాటించకండి, అదీ చేటే. తేదీ, కిలోమీటర్లు, పోసింది ఎంత అన్నది ఒక చిన్న నోటుబుక్కులో రాయండి. రసీదు దాచండి. కడ్డీని ఫోనులో ఫోటో తీసుకోండి.

తగ్గుదల ఎక్కువగా ఉంటే షోరూములో నోటి మాటతో సరిపెట్టుకోకండి. ఆయిలు నిండా పోసి, బోల్టుకు సీలు వేసి, వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలిచే పరీక్ష ఉంది. అది చేయమని రాతపూర్వకంగా అడగండి. జాబ్ కార్డులో "ఆయిలు తగ్గుతోంది" అని రాయించండి. పని కాకపోతే 1915కు ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసున్న ఊరికి పోనక్కరలేదు. రెండేళ్ల లోపల వేయాలి. అక్కడ అడిగేది ఒకటే, "కాగితం ఏది?" అని. మన తమ్ముడి దగ్గర ఆ కాగితమే లేదు.

ముద్దేనహళ్లి విశ్వేశ్వరయ్య గారు మన మట్టి మనిషని చెప్పుకుంటాం. సెప్టెంబరు 15 వస్తే దండ వేస్తాం. నీళ్లను లెక్కగా వదిలే గేట్లు కట్టిన మనిషి ఆయన. ఆయన ఊరి పక్కవాళ్లం మూడు లీటర్ల ఆయిలు లెక్క చూసుకోలేమా?

అందుకే మా ప్రతిపాదన. వచ్చే మీటింగుకు కారు ఉన్న సభ్యులు కారులోనే రండి. చిక్కబళ్లాపురంలో, బాగేపల్లిలో, చింతామణిలో మనవాళ్లలోనే మెకానిక్కులున్నారు, వాళ్లను పిలుద్దాం. పిల్లలకు, ముఖ్యంగా బాడుగకు తిప్పే కుర్రాళ్లకు, కడ్డీ తీసి చూడటం నేర్పిద్దాం. తలా ఒక నోటుబుక్కు సంఘం తరఫున ఇద్దాం. ఆ తమ్ముడికి షోరూముకు రాయాల్సిన ఉత్తరం మనమే కూర్చుని రాసిద్దాం, గెలుస్తాడో లేదో తర్వాతి మాట.

మీ బండి ఆయిలు ఆఖరిసారి ఎప్పుడు చూశారో కింద రాయండి. "ఎప్పుడూ చూడలేదు" అని రాయడానికి సిగ్గుపడకండి. మాలో ముగ్గురి జవాబు కూడా అదే.