ఇరవయ్యా, పద్దెనిమిదా?

మొన్న మా వీధిలో ఉండే ఆమె ఒక కాగితం పట్టుకొచ్చింది. "అక్కా, నువ్వు బీఏ చదివినావు కదా, రోంత చూసి చెప్పు" అంది. కొడుక్కి వచ్చిన కువైట్ వీసా. అంతా అరబ్బీ. నేను చదివింది తెలుగు బీఏ! కువైట్‌లో పదేళ్లుండి వచ్చిన ఒకాయనకు చూపిస్తే, ఒక్క అంకె చూసి చెప్పేశాడు. "ఇది ఇరవై నంబరమ్మా. ఇంటి పని వీసా. అంగట్లో పని అని ఎవరు చెప్పినారు?"

ఇంకెవరు, ఏజెంటే.

అక్కడ పద్దెనిమిదో నంబరు వీసా కంపెనీల్లో, అంగళ్లలో పనికి. ఇరవై అంటే ఇళ్లలో వంట, డ్రైవరు పని, తోట పని. ఇరవై మీద పోయి అంగట్లో నిలబడితే తప్పే. కఫీల్ 'పారిపోయాడు' అని ఫిర్యాదు ఇచ్చాడా, ఇక కల్లివెల్లి బతుకు. జీతం ఎగ్గొట్టినా అడగలేడు, జ్వరమొచ్చినా ఆసుపత్రికి పోవాలంటే భయం. 2018లో, మళ్లీ 2024లో కువైట్ క్షమాభిక్ష పెట్టింది ఇట్లా కాగితాలు చెడినవాళ్ల కోసమే.

"పోయినాక మార్చుకోవచ్చులే" అన్నాడట ఏజెంటు. నాకు ఒళ్లు మండింది. 2024లో ఇరవై నుంచి పద్దెనిమిదికి మారనిచ్చారు, నిజమే. జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు. రెండు నెలలు! అది చూపించి పిల్లోణ్ణి విమానం ఎక్కిస్తారా?

పైగా వాడు పది తప్పాడు, పాస్‌పోర్టు ఈసీఆర్. కువైట్‌లో పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు ఉండాలి. లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. ఈయన అడిగింది లక్షా ఇరవై వేలు. మా అమ్మాయి ఈ-మైగ్రేట్ సైట్లో వెతికితే ఆయన పేరే లేదు.

చీర కొంటే అంచు తిరగేసి చూస్తాం. సంబంధమంటే ఏడు తరాలు ఆరా తీస్తాం. కొడుకు బతుకు ఆధారపడ్డ కాగితాన్ని మాత్రం మడిచి దేవుడి పటం ముందు పెట్టేస్తాం. "ఆడవాళ్లకెందుకు ఇవన్నీ" అంటాడట వాళ్లాయన. కుదువ పెట్టేది ఎవరి మెడలోది మరి? వేరుశనగ చేతికి రాని ఏడు ఇంట్లో మిగిలేది ఆ నాలుగు తులాలే కదా.

యాభై వేలు ముందే ఇచ్చేశారట. మిగతాదానికి శుక్రవారం బ్యాంకులో నగలు పెట్టాలి, తోడు రమ్మంటోంది. ఏజెంటు లైసెన్సు నంబరు, పద్దెనిమిది అని ఉన్న వీసా, ఈ రెండూ తెచ్చి చూపిస్తే వస్తానన్నాను. అలిగి వెళ్లిపోయింది. రెండు రోజులైంది, మా గడప తొక్కలేదు.