వత్తులకు చోటేదీ?

ఈ సంచిక వెబ్ పేజీ సిద్ధం చేస్తూ ‘స్త్రీ’ అన్న మాట దగ్గర ఆగిపోయాం. పై వరస వత్తులు కింది వరస గుడులను గుద్దుతున్నాయి. మేం వాడింది ఆడమ్ మోర్స్ తయారుచేసిన టాకియన్స్ అనే సీఎస్ఎస్ ఫ్రేమ్‌వర్క్. అందులో ఒక్కో క్లాసుకు ఒక్కటే పని. ‘పీఏ3’ అంటే లోపల నాలుగు వైపులా ఒక రెమ్ ఖాళీ, అంతే. హెచ్‌టీఎంఎల్ నిండా ఈ పొడి అక్షరాలేమిటని మొదట్లో నాకూ చిరాకే. పదిరోజుల్లో చేతికి అలవాటైపోయింది.

దాంట్లో వరస ఎత్తులు మూడే: 1, 1.25, 1.5. ఇంగ్లిష్‌కు చక్కగా సరిపోతాయి, మన ఒత్తు కింద ఒత్తుకు చాలవు. మూలం ఫైల్లో 1.5ను 1.8 చేసి మళ్లీ బిల్డ్ చేశాం. అన్ని పేజీలూ ఒక్క దెబ్బకు ఊపిరి పీల్చుకున్నాయి!

ఇలాంటిదే మరో ఫ్రేమ్‌వర్క్ టెయిల్‌విండ్ వాడేవారికి ఈ మార్పు ఇంకా తేలిక. 2025 జనవరిలో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి ఇలాంటి సొంత కొలతలన్నీ సీఎస్ఎస్ ఫైల్లోనే, థీమ్ బ్లాకులో రాసుకోవచ్చు.

రెండింటి అమరికా లోపలి పేజీల్లో వివరంగా ఉంది. రంగుల పేర్లే తేలలేదు: మా డిజైనర్ ‘పసుపు’ అంటాడు, నేను ‘బంతిపువ్వు’ అంటాను. ఆ పంచాయితీ వచ్చే నెలకు వాయిదా.