ఆ కొలనులో మనమూ దిగొచ్చా?

ఈ వారం ఉత్తరాల్లో యైటింక్లయిన్ కాలనీ నుంచి ఒక సోదరి అడిగిన సంగతి చదవగానే, ఇది ఆమె ఒక్కదాని సందేహం కాదనిపించింది. "అక్కా, ఈసారి లాభాల వాటా పడగానే దసరా సెలవుల్లో వైజాగ్ పోదామనుకుంటున్నం. మేం దిగేది మామూలు లాడ్జి. పిల్లలేమో ఈతకొలను ఉన్న హోటలే కావాలని ఒకటే గోల. అంత కిరాయి మేం పెట్టలేం. గది తీసుకోకుండా ఆ కొలనులోకి మమ్మల్ని రానిస్తరా? అడిగితే నవ్వుతరా?"

నవ్వితే నవ్వనివ్వండి తల్లీ, అడిగినందుకు డబ్బులేం పోవు కదా! సంగతేమిటంటే, గది తీసుకోని వాళ్ళను కూడా కొలనులోకి రానిచ్చే పెద్ద హోటళ్ళు ఇప్పుడు చాలానే ఉన్నాయి. దాన్ని 'డే పాస్' అంటారు. మనిషికింత అని కడితే ఇన్ని గంటలు ఉండనిస్తారు. కొన్నిచోట్ల ఆ డబ్బులోనే మధ్యాహ్నం భోజనం కలిసి ఉంటుంది. కొన్నిచోట్ల కట్టినదాంట్లో కొంత మొత్తానికి అక్కడే తిని, తాగి చెల్లు చేసుకోవచ్చు. ఇంకొన్ని హోటళ్ళు మాత్రం 'మా గదుల్లో దిగినవాళ్ళకే' అని మొహమాటం లేకుండా చెప్పేస్తాయి. అది వాళ్ళ ఇష్టం, మనం తగువు పెట్టుకోవడానికి లేదు. శని, ఆదివారాలూ పండుగ రోజులూ వస్తే మామూలుగా రానిచ్చేవాళ్ళు కూడా వద్దంటారు, లేదా రేటు పెంచుతారు. కాబట్టి మీ ప్రయాణంలో ఒక మంగళవారమో బుధవారమో దీనికి పెట్టుకోండి.

అడగడం మాత్రం గేటు దగ్గర కాదు, ముందురోజే ఫోన్లో. రిసెప్షన్ వాళ్ళతో మాట్లాడి పెద్దవాళ్ళకెంత, పిల్లలకెంత, ఏ వయసు వరకు పిల్లల లెక్క, పైన పన్ను ఉందా, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, తువ్వాళ్ళు వాళ్ళిస్తారా మనం తెచ్చుకోవాలా, చిన్నపిల్లల కొలను విడిగా ఉందా, ఇవన్నీ కనుక్కోండి. మాట్లాడినవాళ్ళ పేరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కాగితం విలువ ఎంతో నాకు తెలుసు. రెండేళ్ళ కింద మేమూ మా ఆడపడుచు వాళ్ళూ కలిసి ఒక హోటల్‌కు వెళ్ళాం (ఏ ఊరో, ఏ హోటలో ఎందుకులెండి). గేటు దగ్గర కుర్రాడు మా చెప్పుల వంకా, నా చేతిలోని గుడ్డసంచి వంకా చూసి "లోపల మీవాళ్ళెవరైనా పనిచేస్తున్నారా?" అన్నాడు. మా ఆడపడుచు ముఖం చిన్నబోయింది. "పోదాం పా వదినా, మనకెందుకు ఇవన్నీ" అని వెనక్కి తిరిగింది. నేను కాగితం తీసి "పొద్దున ఈమెతోనే మాట్లాడాం, ఒకసారి లోపలికి ఫోన్ చెయ్యి నాయనా" అన్నాను. ఐదు నిమిషాల్లో లోపలున్నాం. మావారు ఇరవయ్యారేళ్ళుగా గనిలోకి దిగి ఎక్కుతున్న మనిషి. ఆ డబ్బు ఏ హోటల్ గల్లాపెట్టెలో వేసినా డబ్బే కదండీ!

ఇదేదో మన దగ్గరే ఉన్న ముచ్చట అనుకునేరు. గ్రీసు దేశపు దీవులకు ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెళ్తారు. అక్కడా ఇదే ప్రశ్న! లండన్‌లో ఉంటున్న మా అక్క కూతురు శాంటొరిని దీవికి వెళ్ళొచ్చి చెప్పింది. కొండ అంచున ఉన్న ఖరీదైన హోటళ్ళలో కొలనులు గదుల్లో దిగినవాళ్ళకేనట. అదే పెరిస్సా వైపు నల్ల ఇసుక తీరంలో అయితే, ఏదైనా తిని, తాగితే చాలు, కొలను వాడుకోనిచ్చే చోట్లు ఉన్నాయట. ఇంకో మంచి మాట, ఆ దేశంలో సముద్రతీరం చట్టం ప్రకారం అందరిదీ. ఇసుకలో నడవకుండా ఏ హోటలూ ఆపకూడదు. గొడుగుకూ కుర్చీకీ మాత్రం డబ్బులు. మన వైజాగ్ తీరమూ అంతే, సముద్రం ఎవరి సొత్తూ కాదు. కొలను మాత్రం కట్టినవాడి సొత్తు.

కొందరు తెలివైనవాళ్ళుంటారు. భుజాన తువ్వాలు వేసుకుని, హోటల్లో దిగినవాళ్ళలాగే దర్జాగా లోపలికి నడిచిపోతారు. దాన్ని గొప్పగా చెప్పుకుంటారు కూడా. నాకది నచ్చదు. పరువు సంగతి అటుంచండి, పిల్లల సంగతి ఆలోచించండి. జరగరానిదేదైనా జరిగితే మీరక్కడ ఉన్నట్టు ఏ రిజిస్టరులోనూ ఉండదు. రసీదు తీసుకుని వెళ్తే, మీరు అక్కడ ఉన్నారనడానికి ఆధారం ఉంటుంది, గట్టిగా అడిగే హక్కూ ఉంటుంది.

ఇక మన వంటింటి లెక్క ఒకటి వేద్దాం. ఉదాహరణకు మనిషికి 700 అనుకోండి. నలుగురికి 2,800. లాడ్జి గది 1,500. మొత్తం 4,300 అయింది. అదే ఊళ్ళో కొలను ఉన్న ఓ మాదిరి హోటల్లో గది, పొద్దుటి టిఫిన్‌తో సహా, 4,300కే దొరికితే? అందుకని నాలుగు రాత్రులూ లాడ్జిలో ఉండి, ఆఖరి రాత్రి ఒక్కటీ కొలను ఉన్న హోటల్‌కు మారండి. మధ్యాహ్నం దిగితే సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున ఇంకోసారి పిల్లలు నీళ్ళలో ఆడుకుంటారు. ఒక గదిలో ఎంతమందిని ఉండనిస్తారో మాత్రం ముందే అడగండి.

అసలు చిక్కు బట్టల దగ్గర వస్తుంది. చీరతో, చుడీదారుతో దిగనివ్వరు. "మర్యాదగా నిండా కట్టుకుంటే తప్పేంటి?" అని మనకు కోపం వస్తుంది. కానీ నూలుబట్ట నుంచి పోగులు రాలి నీళ్ళను వడకట్టే జల్లెడకు అడ్డం పడతాయి, రంగు దిగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తడిసిన నూలుబట్ట బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది. మెడ వరకూ, మణికట్టు వరకూ, చీలమండ దాకా ఉండే నైలాన్ ఈతదుస్తులు ఇప్పుడు బజార్లో దొరుకుతున్నాయి. ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి వస్తాయి. తలకు టోపీ కూడా అడుగుతారు. పుస్తెలతాడు తీయాలా అని నన్ను చాలామంది అడిగారు. అక్కర్లేదు, దుస్తుల లోపలికి వేసుకోండి. వెండి పట్టీలు, మెట్టెలు మాత్రం క్లోరిన్ నీళ్ళకు నల్లబడతాయి, వీలైతే గదిలోనే పెట్టి వెళ్ళండి. తలకు నూనె రాసుకుని దిగొద్దు. దిగేముందు మంచినీళ్ళతో జుట్టంతా తడుపుకుంటే, కొలను నీళ్ళు తక్కువ పీలుస్తుంది. పైకి రాగానే మళ్ళీ తలస్నానం.

దిగేముందు స్నానం చేయమని బోర్డు పెడితే "ఇదేం చోద్యం, నీళ్ళలోకి వెళ్ళడానికి నీళ్ళు పోసుకోవడమా!" అని మావారు నవ్వారు. చోద్యం కాదండీ. మన చెమట, పిల్లలు అందులోనే కానిచ్చే పనీ క్లోరిన్‌తో కలిస్తేనే ఆ ఘాటు వాసన పుడుతుంది, కళ్ళు మండుతాయి. వాసన ఘాటుగా ఉంటే నీళ్ళు శుభ్రంగా ఉన్నట్టు కాదు. లోతు వైపు అడుగున ఉన్న జాలీ మూత స్పష్టంగా కనిపిస్తేనే దిగండి. కనిపించకపోతే రసీదు చూపించి డబ్బు వెనక్కి అడగండి.

పిల్లల విషయం ఇంకాస్త చెప్తాను, విసుక్కోకండి. సినిమాల్లో మునిగిపోయేవాళ్ళు చేతులు ఊపుతూ కేకలు పెడతారు. నిజంగా అలా ఉండదు. నోట్లోకి నీళ్ళు వెళ్తుంటే కేక రాదు. చప్పుడు లేకుండా, పక్కన పదిమంది ఉండగానే పిల్ల మునిగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వాళ్ళలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పసివాళ్ళే. చాలా హోటళ్ళలో కాపలా ఈతగాడు ఉండడు, ఉన్నా రోజంతా ఉండడు. గాలి ఊదే ట్యూబుల్ని నమ్మొద్దు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక పెద్ద మనిషి నీళ్ళలోనే ఉండాలి. "అందరం చూస్తున్నాం కదా" అంటే ఎవరూ చూడనట్టే. అరగంట మీరు, అరగంట మీవారు అని వంతులు వేసుకోండి. వంతు ఎవరిదో వాళ్ళ చేతిలో సెల్‌ఫోన్ ఉండకూడదు.

ఆర్కే బీచ్‌లో అల కాస్త మోకాలు తాకితే చాలు, లోపలికి దిగొద్దు. అక్కడ అడుగునుంచి లాగేస్తుంది, ఎన్ని ఇళ్ళల్లో దీపాలు ఆరిపోయాయో! పిల్లల నీళ్ళ సరదా కొలనులో తీరితే సముద్రంలో దిగుతామని పట్టుబట్టరు. ఆ 2,800 దండగ ఖర్చని నేననుకోకపోవడానికి ఇదీ ఒక కారణం.

అంత దూరం ఎందుకు, మన ఇంటి వెనకాలే గోదారి ఉంది. పైన ఎల్లంపల్లి గేట్లు ఎత్తితే నీటిమట్టం పెరుగుతుంది. ఇసుక తోడిన గుంతలు పైకి కనిపించవు. వదిలేసిన ఓపెన్ కాస్ట్ గుంతల్లో నిలిచిన నీళ్ళు మరీ మోసం, ఒడ్డు నుంచి రెండడుగులు వేస్తే లోతే. మా చిన్నప్పుడు ఊళ్ళో మా అన్నదమ్ములు వీపుకు సొరబుర్ర కట్టుకుని బావిలో దూకేవాళ్ళు. మేం ఆడపిల్లలం మెట్ల మీద కూర్చుని బట్టలు ఉతికేవాళ్ళం. నీళ్ళ పక్కనే పుట్టి పెరిగి, మన ఇళ్ళల్లో ఈత వచ్చిన ఆడవాళ్ళు ఎంతమందో వేళ్ళమీద లెక్కపెట్టండి. సింగరేణి సేవాసమితికి వెళ్ళి కుట్టుపని నేర్చుకున్నవాళ్ళం ఎందరమో ఉన్నాం. మరి ఈత ఎందుకు రాకూడదు? ఆడవాళ్ళకు విడిగా సమయం పెట్టే కొలను ఎక్కడుందో ఈ వేసవికి ముందే కనుక్కోండి. నలభై దాటాక కూడా నేర్చుకోవచ్చు. నేను పోయిన ఏడాది మొదలుపెట్టాను, ఇప్పటికి కొలను అడ్డం ఈదగలను, నిలువు ఇంకా కాలేదు!

యైటింక్లయిన్ సోదరికి ఇంకొక్క మాట. నీళ్ళలోంచి పైకి రాగానే పిల్లలకు ఆకలి దంచేస్తుంది. కొలను దగ్గర బయటి తిండి తిననివ్వరు. అక్కడి శాండ్‌విచ్ ధరకు మన ఇంట్లో రెండు పూటలు గడుస్తాయి. బయల్దేరే రోజు సర్వపిండి చేసి, పూర్తిగా చల్లారాక డబ్బాలో సర్దండి. రెండో రోజుకు ఏమీ కాదు. ఆ తర్వాతి రోజులకు సకినాలు ఉండనే ఉంటాయి. డబ్బా లాడ్జి గదిలో పెట్టి, తడిబట్టలకు ఒక ప్లాస్టిక్ సంచి మాత్రం వెంట తీసుకెళ్ళండి.