లెక్కల గుట్టు విప్పే పనిలో వర్చువల్ అసిస్టెంట్.. పని సరే, సాక్షి బోనెక్కేది ఎవరు?

కంపెనీలో డబ్బు మాయమైంది. ఎంత పోయింది? ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లింది? కాగితాల మీద ఉన్నది నిజమేనా? ఈ చిక్కుముడి విప్పేవాళ్లే ఫోరెన్సిక్ అకౌంటెంట్లు. పెద్ద పెద్ద స్కామ్‌లే కాదు.. భాగస్వాముల మధ్య గొడవలు, విడాకుల కేసుల్లో దాచిన ఆస్తులు, చిట్టీలు, డిపాజిట్ల మోసాల్లోనూ వీళ్ల రిపోర్టే కీలకం.

ఇప్పుడు ఈ ఆఫీసుల్లోకి వర్చువల్ అసిస్టెంట్లు వచ్చేశారు. వీళ్లలో రెండు రకాలున్నారు. ఒకటి, వేరే ఊళ్లోనో వేరే దేశంలోనో కూర్చుని ఆన్‌లైన్‌లో పనిచేసిపెట్టే మనుషులు. రెండోది, అడిగిన వెంటనే జవాబిచ్చే ఏఐ టూల్స్. పని వేగం పెరుగుతోంది, ఖర్చు తగ్గుతోంది. అంతా బాగానే ఉంది కదా, మరి సమస్య ఎక్కడ?

సత్యం కేసు గుర్తుందా?

తెలుగువాళ్లకు ఈ విషయం అర్థం కావాలంటే సత్యం కంప్యూటర్స్‌ని మించిన ఉదాహరణ లేదు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ దేశాన్ని కుదిపేసింది. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఆయనే ఒప్పుకున్నారు.

తర్వాత దర్యాప్తులో 7,561 నకిలీ ఇన్వాయిస్‌లు బయటపడ్డాయి. వాటి విలువ ఐదు వేల కోట్లకు పైమాటే. ఇన్వాయిస్ సాఫ్ట్‌వేర్‌లో ‘సూపర్ యూజర్’ లాగిన్‌తో వాటిని సృష్టించారని, మిగతా విభాగాల కంట పడకుండా దాచే గుర్తు పెట్టారని దర్యాప్తు సంస్థలు తేల్చాయి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు రాజు సహా 10 మందిని దోషులుగా ప్రకటించింది. ఆ తర్వాత అప్పీలులో శిక్ష అమలు నిలిచిపోయి, వారికి బెయిల్ వచ్చింది.

ఇవాళ అదే డేటాను వర్చువల్ అసిస్టెంట్ చేతికిస్తే? ‘సూపర్ యూజర్ సృష్టించినవి, దాచే గుర్తు ఉన్నవి వేరు చెయ్’ అని చెబితే నిమిషాల్లో లిస్టు ఇచ్చేస్తుంది. కానీ ఆ ప్రశ్న అడగాలన్న ఆలోచన ఎవరికి రావాలి? మనిషికే.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. సత్యం కేసులో బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ పత్రాలు కూడా నకిలీవే. అలాంటి పత్రాన్ని స్కాన్ చేసి ఇస్తే, అసిస్టెంట్ అందులోని అంకెలను పొల్లు పోకుండా ఎక్కించేస్తుంది. అంకెలన్నీ కరెక్టే, పత్రమే అబద్ధం! నేరుగా బ్యాంకును అడిగి నిర్ధారించుకుంటేనే అది బయటపడుతుంది. ఇచ్చిన కాగితాన్ని చదవడం వేరు, కాగితమే నకిలీ ఏమో అని అనుమానించడం వేరు. ఈ వృత్తికి ప్రాణం ఆ రెండోదే.

ఏయే పనులు అప్పగించొచ్చు?

అలాగని అసిస్టెంట్ వద్దని కాదు. ఫోరెన్సిక్ పనిలో ఎక్కువ సమయం తినేసేది చాకిరీయే. ఏళ్ల తరబడి ఉన్న బ్యాంకు స్టేట్‌మెంట్లను పీడీఎఫ్‌ల నుంచి ఎక్సెల్‌లోకి ఎక్కించడం, తేదీల వారీగా పేర్చడం, వేల ఈమెయిల్స్‌కు ఇండెక్స్ తయారు చేయడం, విచారణ రికార్డింగ్‌లను అక్షరాల్లో పెట్టడం.. ఇవన్నీ నిరభ్యంతరంగా అప్పగించొచ్చు.

అనుమానాస్పద లావాదేవీలను ఏరడంలోనూ అసిస్టెంట్ బాగా పనికొస్తుంది. సరుకు సరఫరాదారుకు, కంపెనీ ఉద్యోగికి ఒకటే బ్యాంకు ఖాతా ఉందా? సెలవు రోజుల్లో ఎంట్రీలు పడ్డాయా? పైఅధికారి సంతకం రూ.5 లక్షలు దాటితేనే కావాలంటే, రూ.4.95 లక్షల చెల్లింపులు పదేపదే ఉన్నాయా? ఇలాంటివన్నీ జల్లెడ పట్టేస్తుంది.

బెన్‌ఫర్డ్ సూత్రం కూడా ఇక్కడ వాడతారు. సహజంగా ఏర్పడిన చాలా లెక్కల్లో సుమారు 30 శాతం అంకెలు 1తో మొదలవుతాయి, 9తో మొదలయ్యేవి 5 శాతం లోపే. మనిషి ఊహించి రాసిన అంకెల్లో ఈ వరస తరచూ తప్పుతుంది. అయితే ఇది ఎక్కడ తవ్వాలో చూపించే ఆనవాలు మాత్రమే, మోసానికి రుజువు కాదు.

అప్పగించిన పనిని తిరిగి సరిచూసే పద్ధతి కూడా సింపుల్‌గానే ఉంటుంది. ప్రారంభ నిల్వకు జమలు కలిపి, ఖర్చులు తీసేస్తే ముగింపు నిల్వ రావాలి. ప్రతి పేజీకీ ఈ లెక్క కుదరాలి. కుదరలేదంటే ఎక్కడో వరస జారినట్టే.

ఆస్ట్రేలియాలో ఏం జరిగింది?

ఏఐని గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో 2025లో ప్రపంచం చూసింది. ఆస్ట్రేలియా ప్రభుత్వ శాఖ కోసం డెలాయిట్ సంస్థ ఓ సమీక్ష రిపోర్టు తయారు చేసింది. ఫీజు సుమారు 4.40 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు, అంటే దాదాపు రెండున్నర కోట్ల రూపాయలు. ఆ రిపోర్టులో అసలు లేని పరిశోధన పత్రాలు, ఓ కోర్టు తీర్పులోనిదంటూ కల్పిత వాక్యం ఉన్నాయని సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకుడొకరు పట్టేశారు. సవరించిన రిపోర్టులో ఏఐ టూల్ వాడినట్టు సంస్థ వెల్లడించింది. ఫీజులో కొంత భాగం వెనక్కి ఇవ్వడానికి అంగీకరించింది.

అది ఫోరెన్సిక్ రిపోర్టు కాదు. అయినా అన్ని వనరులున్న సంస్థకే అలా జరిగితే, నలుగురు పనిచేసే చిన్న ఆఫీసు సంగతేంటి? పైగా ఫోరెన్సిక్ రిపోర్టులో ఒక్క కల్పిత లైను దొరికినా చాలు.. అవతలి లాయర్ మొత్తం రిపోర్టునే అనుమానంలో పడేస్తాడు. డబ్బు పోగొట్టుకున్నవాళ్ల కేసు అక్కడే నీరుగారిపోతుంది.

కోర్టు అడిగేది ఇదే

మన దేశంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఇది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. అందుకే అసలు ఫైలును ముట్టుకోకుండా భద్రపరచాలి. అసిస్టెంట్‌కు కాపీ మాత్రమే ఇవ్వాలి. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో రాసిపెట్టాలి.

చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ రూపొందించిన ఫోరెన్సిక్ ప్రమాణాలు 2023 జులై 1 నుంచి సభ్యులకు తప్పనిసరి అయ్యాయి. ఆధారాలను ఎలా సేకరించారు, ఎలా నమోదు చేశారన్నదానికి అందులో పెద్దపీట వేశారు. ‘ఈ అంకె ఎక్కడిది?’ అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగితే ‘చాట్‌బాట్ చెప్పింది’ అంటే కుదరదు.

గుట్టు బయటపడితే ఎవరికి నష్టం?

మోసాలు ఎక్కువగా ఎలా బయటపడతాయో తెలుసా? సాఫ్ట్‌వేర్లతో కాదు. సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్ల సంఘం 2024 నివేదిక ప్రకారం, అధ్యయనం చేసిన కేసుల్లో 43 శాతం ఎవరో ఒకరు ఇచ్చిన సమాచారం వల్లే దొరికాయి. చాలాసార్లు ఆ ‘ఎవరో ఒకరు’ అదే ఆఫీసులో పనిచేసే ఉద్యోగి. అతని పేరున్న ఫైలు దర్యాప్తుతో సంబంధం లేనివాళ్ల లాగిన్‌లోకో, ఉచిత చాట్‌బాట్‌లోకో వెళ్తే? పేరు బయటికి పొక్కితే అతని ఉద్యోగానికే ఎసరు.

ఈ ముప్పు సర్కారుకూ తెలుసు. ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరిలోనే తన ఉద్యోగులకు సూచించింది. ఇక 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించకపోతే రూ.250 కోట్ల వరకు జరిమానాకు వీలుంది.

అమెరికా అకౌంటింగ్ సంస్థలకు హైదరాబాద్ నుంచి పనిచేసే తెలుగువాళ్లూ ఇది గమనించాలి. అక్కడ పన్ను రిటర్నుల సమాచారాన్ని దేశం బయట రిటర్నులు తయారుచేసేవారికి పంపాలంటే ముందుగా పన్ను చెల్లింపుదారుడి అనుమతి ఉండాలన్నది రూలు.

మరి ఏం చేయాలి?

పేర్లు, ఖాతా నంబర్ల స్థానంలో కోడ్‌లు పెట్టి పని అప్పగించడం, ఒక అసిస్టెంట్‌కు ఒక కేసులో అవసరమైనంతే చూపించడం, గోప్యత ఒప్పందం రాయించుకోవడం, క్లయింట్‌కు ముందే చెప్పడం.. ఇవి కనీస జాగ్రత్తలు. ఫిర్యాదుదారుడి ఫైలు మాత్రం అసలు ఆఫీసు దాటకూడదు.

కేసు పెట్టే బాధితులు కూడా అకౌంటెంట్‌ను రెండు ప్రశ్నలు అడగాలి. మా కాగితాలు ఎవరెవరి చేతుల్లోకి వెళ్తాయి? రిపోర్టులోని ప్రతి అంకెకూ కోర్టులో మీరే జవాబు చెబుతారా? రెండో ప్రశ్నకు తడబాటు కనిపిస్తే, ఫీజు ఎంత తక్కువైనా ఆ రిపోర్టును నమ్ముకోవడం కష్టమే.