ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ ఒక్కటే కాదండీ!

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఓటీ అంటే ఓవర్‌టైమ్ (ఎవడూ ఇవ్వడనుకోండి, అది వేరే సంగతి). డాక్టర్లకి ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్. మూడో ఓటీ ఒకటుంది, ఆక్యుపేషనల్ థెరపీ. అదొకటి ఉందని మా ఇంట్లో తెలియడానికి ఏడు నెలలు పట్టింది. నా కోపమంతా ఆ ఏడు నెలల మీదే.

మా చిన్నాయన ఇబ్రహీంపట్నంలో టైలరు. పోయినేడు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. సిటీలో ఒక పెద్దాసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు, అందుకు వాళ్ళకి దండం పెడతాను. డిశ్చార్జి కాగితంలో అయిదు రకాల మందులు, ఫిజియోథెరపీ, మూడు నెలలకి రివ్యూ. అంతే. ఫిజియో పుణ్యమా అని లేచి నడిచాడు. రివ్యూలో డాక్టరుగారు నాలుగడుగులు నడిపించి చూసి "వెరీ గుడ్" అన్నారు. ఆ పొద్దున చిన్నాయన చొక్కా గుండీలు పెట్టింది చిన్నమ్మ అని ఆయనకి తెలీదు. ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

ముప్పై ఏళ్ళు ఊరందరి చొక్కాలకీ గుండీలు కుట్టిన మనిషి తన గుండీ తను పెట్టుకోలేకపోయాడు. ఎడం చేత్తో తినడం నామోషీ అయి పెళ్ళిళ్ళకి పోవడం మానేశాడు. ఒకరోజు నాతో అన్నాడు: "నడుస్తున్నవ్ గదా, ఇంకేం గావాలె అంటున్రు అందరు. నడిచి యాడికి వోవాలెరా?"

చివరికి ఈ ఓటీ సంగతి చెప్పింది ఏ డాక్టరూ కాదు, ఆన్‌సైట్‌లో ఉన్న నా టీమ్‌మేట్. వాళ్ళ మామగారికి అమెరికాలో స్ట్రోక్ వస్తే ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఓటీ వచ్చి చూసిందట. వెతికి వెతికి సిటీలో ఒకావిడని పట్టుకున్నాం. ఆవిడ మొదటి ప్రశ్న: "పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తారు?" ఇన్నాళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే! లావు పిడి ఉన్న చెంచా, గుండీ లాగే చిన్న కొక్కెం, బాత్రూంలో స్టూలు, గోడకి పట్టుకునే కమ్మీ, చేతికి స్ప్లింట్, గుడ్డ మడతపెట్టడం, సుద్దముక్కతో గీతలు గీయడం. ఇప్పుడు తన చొక్కా తనే వేసుకుంటాడు, తన చేత్తో తింటాడు, పొద్దున రెండు గంటలు దుకాణంలో కూర్చుని కొలతలు రాస్తాడు. కత్తెర మాత్రం పట్టలేడు. ముందే వచ్చి ఉంటే చెయ్యి ఇంత బిగుసుకుపోయేది కాదేమో అంది ఆవిడ. చేతికి మెరుగు ఎక్కువగా వచ్చేది మొదటి నెలల్లోనే మరి.

డాక్టర్ల దగ్గరికి మీరెందుకు వెళ్ళరని అడిగాను. "మన పని బాగుంటే వాళ్ళే పంపుతారు. మార్కెటింగ్ మావల్ల కాదండీ" అంది.

ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. ఈ వృత్తి నిన్న మొన్న పుట్టింది కాదు. 1950లోనే కమలా నింబ్కర్ బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో దీనికి బడి పెట్టించారు. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో దీనికీ చోటుంది. అయినా మా వైపు ఈ పేరు వినబడేది ఆటిజం ఉన్న పిల్లల సెంటర్లలోనే. పెద్దవాళ్ళకీ పనికొస్తుందని చెప్పే నాథుడు లేడు. ఎంత గొప్ప లైబ్రరీ రాసినా డాక్యుమెంటేషన్ లేకపోతే ఎవడు వాడతాడు చెప్పండి?

మందుల కంపెనీ రెప్పు బ్యాగు తగిలించుకుని వారం వారం డాక్టరు గుమ్మం ముందు నిలబడతాడు. అమ్ముకునేవాడికి లేని సిగ్గు, బాగుచేసేవాళ్ళకి ఎందుకు? కరపత్రాలు, గిఫ్టులు అక్కర్లేదు. ఒక్క పేజీ చాలు: ఎలాంటి పేషెంటుని పంపాలి, ఎప్పుడు పంపాలి, మేమేం చేస్తాం. పంపిన ప్రతి పేషెంటు గురించీ నెల తిరక్కుండా తిరుగు ఉత్తరం: అప్పుడు గుండీ పెట్టుకోలేడు, ఇప్పుడు పెట్టుకుంటున్నాడు. రెండో పేషెంటుని ఆ ఉత్తరమే తెస్తుంది. కమీషన్ దారి మాత్రం వద్దు. రిఫర్ చేసినందుకు డబ్బు పుచ్చుకోవడం 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారమే తప్పు. పైగా ఆ డబ్బు మళ్ళీ చిన్నాయన లాంటివాళ్ళ జేబులోంచే పోతుంది.

"ఉన్న థెరపిస్టులే కొద్దిమంది, అందరినీ పంపితే ఎవరు చూస్తారు?" అంటారా? పంపకపోతే ఆ కొద్దిమందీ పిల్లల సెంటర్లకో విదేశాలకో పోతారు. అడిగేవాళ్ళుంటేనే చదివేవాళ్ళు పుడతారు. మా సాగర్ రోడ్డు పొడుగునా ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలు లేచింది అలా కాదూ?

డాక్టరుగార్లూ, నడిపించి చూశాక ఒక్క మాట అడగండి: "చొక్కా ఎవరు వేశారు?" అని. అమ్మానాన్నల్ని ఊళ్ళో వదిలి హైటెక్ సిటీలోనో డాలస్‌లోనో ఉన్న మనం, వాళ్ళు అడగకపోయినా మనమే చెప్పాలి. నేను ఏడు నెలలు చెప్పలేదు. చిన్నాయన కత్తెర ఇంకా దుకాణంలో మేకుకి వేలాడుతూనే ఉంది.