ఇంట్లో రెండు భాషలు



మా ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. మేడ మీద ఉన్నది మా మనవడిది. అందులో విండోసు నడుస్తుంది. కింద నా గదిలో ఉన్నది పాతది. దాన్ని పారెయ్యటం ఇష్టం లేక మా అబ్బాయి అందులో లైనక్సు పెట్టి ఇచ్చాడు. నా దగ్గర ఉన్న ఫైలు కావలసి వచ్చినప్పుడల్లా మనవడు పెన్‌డ్రైవు పట్టుకుని మెట్లు దిగేవాడు, మళ్ళీ ఎక్కేవాడు.

ఒకనాడు వాడికి విసుగెత్తింది. "తాతయ్యా, రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి గదా! మరి ఒకదాన్నొకటి అడిగి ఫైళ్ళు ఎందుకు తీసుకోవు?" అన్నాడు.

మంచి ప్రశ్న. వైఫై అనేది బాట మాత్రమే. బాట వెంట మనిషి వచ్చినా, అతని మాట మనకు అర్థం కావాలి గదా? "ఈ ఫైలు ఇయ్యి, ఈ ఫైలు దాచు" అని అడగటానికి విండోసుకు ఒక భాష ఉన్నది. దాని పేరు ఎస్‌ఎమ్‌బి. అది 1980లలో ఐబిఎమ్ కంపెనీలో పుట్టింది. లైనక్సుకు ఆ భాష ఒకరు నేర్పాలి.

నేర్పినవాడి కథ వినండి. 1991 చివర ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా నగరంలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి ఉండేవాడు. యూనిక్సు మీద నడిచే కంప్యూటరులోని ఫైళ్ళను తన చిన్న కంప్యూటరు నుంచే చూడాలని అతని కోరిక. కాని ఆ భాషకు వ్యాకరణ పుస్తకం అతని దగ్గర లేదు. అందుకని రెండు యంత్రాల మధ్య పోయే మాటలను వినే ప్రోగ్రాము ఒకటి రాశాడు. ఏది అడిగితే ఏ జవాబు వస్తున్నదో ఓపికగా చూసి నేర్చుకున్నాడు. ఫ్రెంచి రానివాడు ఆ దేశపు కాఫీ హోటల్లో కూర్చుని, ఎవరు ఏమంటే బల్ల మీదికి ఏం వస్తున్నదో గమనించటం వంటిదే ఇది అని తరవాత అతనే పోలిక చెప్పాడు.

ఆ ప్రోగ్రాముకు మొదట పెట్టిన పేరు మార్చవలసి వచ్చింది. ఎస్, ఎమ్, బి అనే అక్షరాలు అదే వరసలో వచ్చే మాటల కోసం వెతికితే "సాంబా" దొరికింది. అది బ్రెజిలు దేశపు నాట్యం పేరు! దేశదేశాలవారు చెయ్యి కలిపి సాంబాను పెంచారు. ఈనాటికీ అది అందరికీ ఉచితమే.

మేమూ లైనక్సులో సాంబా పెట్టి, ఒక పేరూ, పాస్‌వర్డూ ఏర్పాటు చేసి, "కథలు" అనే ఫోల్డరును పంచుకున్నాం. మేడ మీద ఫైల్ ఎక్స్‌ప్లోరరులో, చిరునామా రాసేచోట, వెనక్కు వాలిన గీతలు రెండు గీసి, నా కంప్యూటరు పేరు రాయగానే ఫోల్డరు కనిపించింది. మనవడు చప్పట్లు కొట్టాడు.

అందులో మా మనవడి నానమ్మ చెప్పిన కథలు తొమ్మిది ఉన్నాయి. ఫోనులో పట్టినవి. ఆమె ఇప్పుడు లేదు.

ఇక నా తప్పు చెబుతాను. సాంబా మామూలుగా, "చదువుకోండి, మార్చవద్దు" అంటుంది. నేను తొందరపడి, మార్చవచ్చు, చెరపవచ్చు అని దిద్దాను. వారం తిరక్కుండా చిన్న మనవరాలు అన్న కంప్యూటరు ముందు కూర్చుని, తన బొమ్మలకు చోటు చెయ్యాలని, ఆ ఫోల్డరులో ఉన్నవన్నీ చెరిపేసింది. రీసైకిల్ బిన్‌లో ఉంటాయిలే అని తెరిచి చూశాం. లేవు! మన కంప్యూటరులోని ఫైలు చెరిపితే ఆ బుట్టలోకి పోతుంది. నెట్‌వర్కు మీదుగా ఇంకొక కంప్యూటరులోది చెరిపితే బుట్టలోకి పోదు; పోయినట్టే.

పాప ఏడ్చింది. దాని తప్పేమున్నది? తలుపు బార్లా తీసి పెట్టింది నేను. చివరకు, వాడు మెట్లెక్కుతూ దిగుతూ మోసిన ఆ పాత పెన్‌డ్రైవులోనే ఏడు కథలు దొరికాయి. రెండు దొరకలేదు.

ఇప్పుడు "కథలు" ఫోల్డరులో చదవటానికి మాత్రమే అనుమతి. కొత్త ఫైళ్ళు పెట్టటానికి వేరే ఫోల్డరు ఉన్నది. చెరిపిన వాటిని ఒక పక్కన దాచే ఏర్పాటు కూడా సాంబాలో ఉన్నది, అదీ పెట్టాం. అన్నిటికన్నా ముఖ్యం: పంచుకోవటం వేరు, నకలు దాచటం వేరు. పదిమంది చూసే ఫైలు అయినా, ఉన్నది ఒక్కటే గదా!

పెద్దలకు ఒక మాట. ఈ భాషలో మొదటి రకాన్ని వాడకండి. 2017 మే నెలలో వన్నాక్రై అనే పురుగు, విండోసులో ఆ పాత రకానికి ఉన్న లోపం గుండానే ప్రపంచమంతా పాకింది. పంచుకున్న ఫోల్డరు ఇంటి గడప దాటకూడదు.

పిల్లలూ, ఇప్పుడు మీకొక ప్రశ్న. ఇంగ్లీషులో ఒకే పేరును పెద్ద అక్షరాలతో ఒకసారి, చిన్న అక్షరాలతో ఒకసారి రాస్తే, లైనక్సుకు అవి రెండు ఫైళ్ళు. విండోసుకు మామూలుగా రెండూ ఒకటే పేరు. ఆ రెండూ ఒకే ఫోల్డరులో ఉంటే మేడ మీద ఏం చిక్కు వస్తుంది? ఆలోచించండి. వచ్చే నెల మాట్లాడుకుందాం.